పనిచోట ఉయ్యాల

తల్లి పనికి పోవడం మన దేశంలో కొత్త సంగతి కాదు. నాట్లకు పోయిన తల్లి గట్టుమీది చెట్టుకొమ్మకు పాతచీర కట్టి ఉయ్యాల వేయడం, నడుమ గట్టెక్కి వచ్చి బిడ్డకు పాలిచ్చి తిరిగి వరుసలో నిలవడం తెలుగు పల్లెలు తరతరాలుగా ఎరిగినదే. ఆ బతుకును సుఖమైనదని పొగడనక్కరలేదు. ఎండా వానా, పురుగూ పుట్రా ఆ పసిబిడ్డకు తప్పలేదు. కాన్పయిన కొద్దిరోజులకే కూలికి పోవలసిన తల్లికి విశ్రాంతి దక్కలేదు. అయినా ఆ పనికి ఒక గుణం ఉండినది. బిడ్డ ఏడిస్తే తల్లికి వినిపించేది.

తరువాత మిల్లులు వచ్చినవి, గనులు వచ్చినవి. కచేరీలు, బడులు, ఆసుపత్రులు, కడపట కంప్యూటరు కార్యాలయాలు వచ్చినవి. ఇంటికీ పనిచోటుకూ ఎడం పెరిగినది. గంట కొట్టగానే లోపలికి పోయి, గంట కొట్టిన తరువాతనే బయటికి రావలసిన పని పుట్టినది. అట్టి పనిని ఏర్పాటు చేసినవారు, పనివాడి ఇంటివద్ద వేరొకరు ఉండి వంట చేస్తారనీ, బిడ్డలను చూచుకొంటారనీ తలపోసినారు. ఆ వేరొకరే పనికి వచ్చిననాడు ఏమి చేయవలెనో వారు ఆలోచించలేదు.

ఉద్యోగం చేసే తల్లికి చేయదగిన సాయం ఏమిటని అడిగితే, ప్రసూతి సెలవు అని చాలామంది చెబుతారు. సెలవు అవసరమే, దానికొరకు నూరేళ్లు పోరాటం జరిగినది. గాని అది సాయంలో సగమే. సెలవు కాలపు ఖర్చు ఎవరు భరించాలి, సెలవు ముగిసిన మరునాడు బిడ్డ ఎక్కడ ఉండాలి అన్న రెండు ప్రశ్నలకు సరియైన సమాధానం లేనంతవరకు, ఎంత పొడుగు సెలవైనా తల్లిని ఉద్యోగంలో నిలుపజాలదు.

వాషింగ్టన్ నుండి బొంబాయి దాకా

1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తొలి మహాసభ వాషింగ్టన్ నగరంలో జరిగినది. ఆ సభ ఆమోదించిన మూడవ ఒడంబడిక మాతృత్వ రక్షణను గురించినది. కాన్పుకు ముందు ఆరువారాలు, తరువాత ఆరువారాలు సెలవు. పనికి తిరిగివచ్చిన తల్లి పాలిచ్చుటకు రోజుకు రెండుమార్లు అరగంట చొప్పున విరామం. సెలవు కాలంలో తల్లీబిడ్డల పోషణకు చాలినంత సొమ్ము. ఆ సొమ్మును ప్రభుత్వ నిధి నుండి గాని, బీమా పద్ధతిని గాని ఇవ్వాలని ఒడంబడిక నిర్దేశించినది. యజమాని జేబు నుండి ఇప్పించవలెనని అనలేదు. ఇది గుర్తుంచుకోదగిన విషయం.

మన దేశంలో మొదటి అడుగు బొంబాయి వేసినది. 1928లో బొంబాయి శాసనమండలిలో స్త్రీ కార్మికుల ప్రసూతి బిల్లు చర్చకు వచ్చినప్పుడు డాక్టర్ అంబేద్కర్ దానిని బలపరిచినారు. ప్రసవానికి ముందు వెనుకల తల్లికి విశ్రాంతి లభించడం జాతికే శ్రేయస్కరమనీ, కనుక ఆ భారంలో అధికభాగాన్ని ప్రభుత్వమే వహించడం ధర్మమనీ ఆయన ఒప్పుకొన్నారు. అంతమాత్రాన యజమాని తప్పుకోరాదనీ, స్త్రీల శ్రమ వలన లాభం పొందేవాడు కొంత భరించడం న్యాయమేననీ కూడా వాదించినారు. 1929లో ఆ బిల్లు చట్టమైనది. కోస్తా, రాయలసీమ జిల్లాలు చేరి ఉన్న మద్రాసు రాష్ట్రం 1934లో తన చట్టాన్ని చేసుకొన్నది.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఈ భావానికి రాజ్యాంగంలోనే చోటు దొరికినది. పనిచోట న్యాయమైన, మానవీయమైన పరిస్థితులను, ప్రసూతి సహాయాన్ని రాజ్యం కల్పించాలని 42వ అధికరణం ఆదేశిస్తున్నది. 1948నాటి ఫ్యాక్టరీల చట్టం, ఏబదిమందికి మించి స్త్రీలు పనిచేసే ఫ్యాక్టరీలో ఆరేళ్ల లోపు బిడ్డలకు ఒక గది ఉండాలని విధించినది. 1976లో ఆ సంఖ్యను 30కి తగ్గించినారు. 1961నాటి ప్రసూతి ప్రయోజన చట్టం 12 వారాల జీతంతో కూడిన సెలవును హక్కుగా చేసినది.

అంబేద్కర్ ఉపన్యాసంలో రెండు మాటలున్నవి. యజమాని కొంత భరించాలన్న రెండవ మాటను మన చట్టాలు గట్టిగా పట్టుకొన్నవి. ప్రభుత్వం అధికభాగం భరించాలన్న మొదటి మాటను చాలావరకు జారవిడిచినవి. నేటి చిక్కులు పెక్కు ఆ జారవిడుపు నుండి పుట్టినవే.

నేటి హక్కు

1961నాటి చట్టాన్ని 2017లో సవరించినారు. ఇద్దరు బిడ్డల వరకు సెలవు 12 వారాల నుండి 26 వారాలకు పెరిగినది. ఇద్దరు బిడ్డలుండగా మరల కాన్పు వచ్చినవారికి 12 వారాలే. 2025 నవంబరు 21న సామాజిక భద్రతా స్మృతి అమలులోకి వచ్చి పాత చట్టం స్థానాన్ని ఆక్రమించినది. ముఖ్యమైన హక్కులు అందులోనూ నిలిచి ఉన్నవి. కాన్పుకు ముందటి పన్నెండు నెలలలో 80 రోజులు పనిచేసిన స్త్రీకి ఈ సెలవు లభిస్తుంది. గర్భస్రావమైతే ఆరువారాలు. బిడ్డకు 15 నెలలు నిండేవరకు పాలిచ్చుటకు రోజుకు రెండు విరామాలు. సెలవులో ఉన్న కాలంలో ఆమెను తొలగించడం గాని, ఆమెకు నష్టం కలిగేటట్లు ఉద్యోగ నిబంధనలు మార్చడం గాని చట్టవిరుద్ధం.

ఈ హక్కును విశాలంగా చదవవలెనని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పినది. ఢిల్లీ నగరపాలక సంస్థలో రోజుకూలిపై రోడ్డుపని చేసే స్త్రీలు తమకూ ప్రసూతి సెలవు కావలెనని కోరినారు. మస్టరు రోలులో పేరున్నంత మాత్రాన ఉద్యోగినులు కారని సంస్థ వాదించినది. 2000 మార్చిలో న్యాయస్థానం ఆ వాదాన్ని త్రోసిపుచ్చి, కూలిపని చేసే తల్లికీ ఆ హక్కు ఉన్నదని తీర్పు చెప్పినది.

2025 మే నెలలో వచ్చిన తీర్పు ఒక ఉపాధ్యాయినికి సంబంధించినది. తమిళనాడు ప్రభుత్వ పాఠశాలలో పనిచేసే ఆమె రెండవ వివాహం తరువాత కలిగిన బిడ్డ కొరకు సెలవు కోరినది. మొదటి వివాహంలో ఇద్దరు బిడ్డలున్నారు గనుక సెలవు చెల్లదని అధికారులు నిరాకరించినారు. ఆ ఇద్దరు బిడ్డలూ ఆమెవద్ద లేరు. సెలవు నిరాకరణ చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, ప్రసూతి సెలవు స్త్రీ సంతాన హక్కులలో భాగమని ప్రకటించినది.

చట్టం పుస్తకంలో ఉన్నది, తీర్పులు ఉన్నవి. అయినా కాన్పు తరువాత ఉద్యోగం మానుకొన్న స్త్రీ లేని వీధి పట్టణాలలో అరుదు. కారణం వెతుకవలసి ఉన్నది.

భారం ఎవరిది?

పదిమంది పనిచేసే ఒక చిన్న సంస్థను ఊహించుకోవచ్చు. అందులో నెలకు 20,000 రూపాయల జీతం గల ఉద్యోగిని 26 వారాల సెలవుపై పోయినది. రాజ్యబీమా వర్తించనిచోట యజమాని ఆమెకు ఇవ్వవలసినది సుమారు 1,20,000 రూపాయలు. ఆ ఆరునెలలు ఆ పనిచేసే మరొకరికి ఇవ్వవలసిన జీతం వేరు. పెద్ద కంపెనీకి ఇది లెక్కలోనిది కాదు. చిన్న సంస్థకు బరువే. అందుచేత మరుసటి మారు ఉద్యోగానికి మనిషిని ఎంచుకొనేటప్పుడు యజమాని తూకం వేస్తాడు. పెళ్లి అయినదా, పిల్లలెందరు అన్న ప్రశ్నలు అడుగుతాడు. పురుషుణ్ణి ఆ ప్రశ్నలు అడగడు. స్త్రీని కాపాడదలచిన చట్టం వలననే ఆమెకు వాకిలి మూసుకొనిపోయే ప్రమాదం ఇట్లు ఏర్పడుతున్నది. యజమాని మనసు మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ ప్రధానం కాదు. భారాన్ని పెట్టిన చోటులోనే లోపం ఉన్నది.

దీనికి విరుగుడు మన దేశంలోనే ఉన్నది. 1948లో చట్టమై, 1952లో కాన్పూరు, ఢిల్లీ నగరాలలో ఆరంభమైన ఉద్యోగుల రాజ్యబీమా పథకం కింద ప్రసూతి కాలపు వేతనాన్ని యజమాని ఇవ్వడు. బీమా సంస్థ ఇస్తుంది. 2019లో నిర్ణయించిన రేట్ల ప్రకారం యజమాని జీతంలో నూటికి మూడుంబావు, ఉద్యోగి ముప్పావు చెల్లిస్తారు. 20,000 జీతానికి యజమాని వంతు నెలకు 650 రూపాయలు. ఆ ఉద్యోగి స్త్రీ అయినా 650, పురుషుడైనా 650. అందులోనే ప్రసూతితోబాటు వైద్యమూ, గాయపడినవారి పరిహారమూ కూడా చేరి ఉన్నవి. స్త్రీని తీసుకోకపోవడం వలన యజమానికి మిగిలేది ఒక్క పైసా లేదు. వాకిలి మూయుటకు కారణమే పోతున్నది. అయితే ఈ పథకానికి వేతన పరిమితి ఉన్నది. 2017లో దానిని 21,000 రూపాయలుగా నిర్ణయించినారు. పరిమితి దాటినవారి భారమంతా తిరిగి యజమానిదే. 1919నాటి ఒడంబడిక మొదలుకొని మాతృత్వ రక్షణ ఒడంబడికలను వేటినీ మన దేశం ఆమోదించకపోవడాన్ని కూడా ఇక్కడ గమనించాలి.

ఇక యజమానియే లేని తల్లుల మాట. మిరపకాయలు కోసే కూలి, బీడీలు చుట్టే ఇల్లాలు, నాలుగిళ్లలో పాచిపని చేసే మనిషి ఎవరిని సెలవు అడగాలి? 2013నాటి ఆహారభద్రతా చట్టం ప్రతి గర్భిణికీ ఆరువేల రూపాయలకు తక్కువగాని సాయం ఉండాలన్నది. 2017లో వచ్చిన ప్రధానమంత్రి మాతృవందన యోజన మొదటి కాన్పుకు ఐదువేలు ఏర్పాటు చేసినది; 2022 నుండి రెండవ బిడ్డ ఆడపిల్ల అయితే ఆరువేలు. అది పాలకూ పండ్లకూ సాయపడుతుంది. పోయిన కూలిని పూడ్చదు. ఒక తల్లికి ఆరునెలల జీతం, మరొక తల్లికి ఐదువేలు. బిడ్డల ఆకలిలో ఇంత తేడా లేదు.

సెలవు తరువాత

పుట్టిన బిడ్డకు ఆరునెలలు తల్లిపాలు తప్ప మరేదీ అక్కరలేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెబుతున్నది. 26 వారాల సెలవు సరిగా ఆరునెలలకు సరిపోతుంది. గాని కాన్పుకు ముందు కొన్ని వారాలు వాడుకొన్న తల్లికి ఆ లెక్క తప్పుతుంది. ఎట్లయినా ఒకనాడు ఆమె తిరిగి పనికి రావలసినదే. నిజమైన పరీక్ష ఆనాడు మొదలవుతుంది.

పాలిచ్చే తల్లికి పనిచోట కావలసినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. తలుపుకు గడియ ఉన్న ఒక చిన్న గది, ఒక కుర్చీ, చేతులు కడుగుకొనుటకు నీళ్లు, పిండిన పాలు దాచుటకు ఒక ఫ్రిజ్. పాలు పిండుకొనుటకు మరుగుదొడ్డి తప్ప వేరు చోటులేని కార్యాలయాలు, బడులు నేటికీ ఉన్నవి. మనం అన్నం తినని చోట బిడ్డ ఆహారాన్ని సిద్ధం చేయమనడం ఏమి మర్యాద?

బిడ్డ ఉండే చోటును గూర్చి 2017 సవరణ ఒక మంచి విధి చేసినది. ఏబదిమంది గాని అంతకు మించి గాని ఉద్యోగులున్న సంస్థ శిశుసంరక్షణ గృహాన్ని, వాడుకలో క్రెష్‌ను, ఏర్పరచాలి. తల్లి రోజుకు నాలుగుమార్లు పోయి బిడ్డను చూచిరావచ్చు. పూర్వపు చట్టం స్త్రీలను మాత్రమే లెక్కించినది. సవరణ ఉద్యోగులనందరినీ లెక్కించమన్నది. ఈ మార్పులో ఒక మెలకువ ఉన్నది. 30మంది స్త్రీలు దాటితేనే క్రెష్ అన్నప్పుడు 30 వద్ద నిలిచిపోవలెనన్న ఆశ యజమానికి కలుగుతుంది. అందరినీ లెక్కించినప్పుడు ఆ ఎత్తు సాగదు. గాని ఏబదికి లోపున్న సంస్థల మాటేమిటి? మన దేశంలో ఎక్కువమంది పనిచేసేది చిన్నచోట్లలోనే. దీనికీ దారి చట్టంలోనే ఉన్నది. క్రెష్‌ను ఒక్కొక్కరు వేరుగా గాని, పలువురు కలిసి ఉమ్మడిగా గాని నడపవచ్చు. ఒక వీధిలోని బ్యాంకు, రెండు దుకాణాలు, ఒక ఆసుపత్రి, ఒక బడి కలిస్తే ఒక చక్కని క్రెష్ అవుతుంది. కావలసినది పూనుకొనే మనిషి.

అట్లు పూనుకొన్నవారు ఏమి సాధించగలరో చెప్పుటకు మీరా మహదేవన్ చరిత్ర చాలును. 1969లో గాంధీ శతజయంతికై ఢిల్లీ రాజఘాట్ వద్ద ప్రదర్శన మందిరాలు కడుతున్నారు. తల్లులు ఇటుకలు, ఇసుక మోస్తుంటే బిడ్డలు రాళ్లగుట్టల నడుమ దుమ్ములో పడి ఉండడం ఆమె చూచినారు. అక్కడే ఒక డేరా వేయించి బిడ్డలను అందులో చేర్చినారు. అదే మొబైల్ క్రెషెస్ సంస్థకు ఆరంభం. కట్టడం ముగిసి కూలీలు కదిలిపోతే క్రెష్ కూడా వారి వెంట కదలాలన్నది దాని సూత్రం. 1996నాటి భవననిర్మాణ కార్మికుల చట్టం, ఏబదిమందికి మించి స్త్రీలు పనిచేసే కట్టడం వద్ద బిడ్డలకు గది ఉండాలని విధించినది. 2005నాటి గ్రామీణ ఉపాధిహామీ చట్టం ఇంకొక అడుగు వేసినది. పనిచోటికి ఐదుగురు గాని అంతకు మించి గాని పసివారు వస్తే, కూలికి వచ్చిన స్త్రీలలో ఒకరిని బిడ్డల కాపుదలకు నియమించి ఆమెకూ కూలి ఇవ్వాలన్నది. బిడ్డను చూచుకోవడం కూడా పనియేనని ఒప్పుకొన్న అరుదైన నియమం అది.

1975 అక్టోబరు 2న ఆరంభమైన అంగన్‌వాడీలు ఊరూరా ఉన్నవి. గాని అవి ఉద్యోగం చేసే తల్లి వేళలకు తగినట్లు ఏర్పడినవి కావు. అక్కడి చదువు మూడేళ్లు నిండినవారికే. ఆ కేంద్రాలనే పసిపిల్లల క్రెష్‌లుగా కూడా నడిపే పాల్నా పథకం 2022లో వచ్చినది. అది విస్తరిస్తే పల్లె తల్లికి మేలు. అయితే అంగన్‌వాడీ టీచరు కూడా ఒక తల్లియే. ఆమె శ్రమకు జీతమని పేరు పెట్టక గౌరవవేతనమని పేరు పెట్టి, ఊరి బిడ్డలందరినీ ఆమె ఒడిలో ఉంచడం న్యాయం అనిపించుకోదు.

అమ్మమ్మ, తండ్రి

తెలుగునాట తొలికాన్పు పుట్టింట జరగడం ఆచారం. చూలాలికి విశ్రాంతి, బాలింతకు పథ్యం, బిడ్డకు నలుగురి చేతులు ఆ ఇంట దొరికేవి. నేడు కూతురి ఉద్యోగం హైదరాబాదులోనో, బెంగుళూరులోనో. కూతురు పుట్టింటికి పోవడానికి మారుగా అమ్మమ్మయే పెట్టె సర్దుకొని కూతురింటికి వస్తున్నది. అమెరికాలోని తెలుగు ఇండ్లకు సైతం ఆరునెలలు ఈమె, ఆరునెలలు వియ్యపురాలు వంతులవారీగా విమానమెక్కుతున్నారు. ఆ దేశంలో 1993నాటి ఫెడరల్ చట్టం 12 వారాల సెలవు ఇస్తుంది గాని జీతం ఇవ్వదు. అమ్మమ్మ ప్రేమకు వెల కట్టలేము. కాని ఒక దేశపు ఉద్యోగ వ్యవస్థ అంతా అమ్మమ్మల మోకాళ్ల బలం మీద ఆధారపడరాదు. రాబోయే తరంలో ఆ అమ్మమ్మ కూడా ఉద్యోగంలోనే ఉంటుంది.

అన్నింటికంటే దగ్గరనున్న చేతులు తండ్రివి. కేంద్రప్రభుత్వ ఉద్యోగికి 15 రోజుల పితృత్వ సెలవు ఉన్నది. సామాజిక భద్రతా స్మృతిలో తండ్రి ఊసు లేదు. స్వీడన్ 1974లోనే తల్లికి మాత్రమే ఉన్న సెలవును తల్లిదండ్రులిద్దరికీ చెందే సెలవుగా మార్చినది. 2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన క్లాడియా గోల్డిన్ చూపినది ఇదే. సంపన్న దేశాలలో స్త్రీ పురుషుల సంపాదనలో నేడు మిగిలి ఉన్న వ్యత్యాసం ఎక్కువభాగం మొదటి బిడ్డ పుట్టుకతో ఏర్పడుతున్నది. అంతవరకు జోడుగా నడిచిన ఇద్దరిలో ఒకరే వెనుకబడిపోతున్నారు. బిడ్డ ఇద్దరిదీ అయినప్పుడు వెనుకబాటు ఒకరిదే కావడానికి ప్రకృతి కారణం కాదు. కాన్పు, పాలు తల్లివి. తక్కిన పనులలో తండ్రి చేయలేనిది ఏదీ లేదు.

బడి చేయదగినది

2024–25 లెక్కల ప్రకారం మన దేశంలో ఉపాధ్యాయుల సంఖ్య కోటి దాటినది. వారిలో సగానికి పైగా స్త్రీలు. కనుక ఈ సమస్యకు బడి దూరం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2010లో ప్రసూతి సెలవును 180 రోజులకు పెంచినది. 2016లో తెలంగాణ తన ఉద్యోగినులకు 90 రోజుల శిశుసంరక్షణ సెలవు ఇచ్చినది. ఆంధ్రప్రదేశ్ అదే ఏడు 60 రోజులు ఇచ్చి, 2022లో దానిని 180 రోజులకు పెంచినది. ప్రైవేటు బడుల ఉపాధ్యాయినులను ప్రసూతి చట్టం కిందికి తెచ్చినది 2020లో కేరళ.

సెలవు మంజూరైనంత మాత్రాన చిక్కు తీరదు. ఒకే టీచరున్న బడిలో ఆమె సెలవుపై పోతే తరగతి మూతపడుతుంది. అప్పుడు ఊరివారు ఆమెను నిందిస్తారు. ఆమె బిడ్డకూ బడి పిల్లలకూ పోటీ పెట్టినట్లవుతుంది. ఈ పోటీ ఆమె తెచ్చినది కాదు. ప్రతి మండలంలోనూ సెలవు కాలపు ఖాళీలను నింపుటకు కొందరు ఉపాధ్యాయులను ముందుగానే సిద్ధంగా ఉంచడం పాలకుల బాధ్యత. అట్లు ఉంచితే ఏ తల్లీ తలవంచుకొని సెలవు చీటీ ఇవ్వనక్కరలేదు.

ప్రధానోపాధ్యాయుల చేతిలోనూ కొంత ఉన్నది. పాలిచ్చే తల్లికి విరామానికి తగినట్లు కాలపట్టిక వేయడం, ఒక గదికి గడియ బిగించడం, సెలవు నుండి వచ్చిన ఆమెకు ఎవరూ తీసుకోని తరగతులనే అంటగట్టకపోవడం — వీటికి ప్రభుత్వ ఉత్తరువులు అక్కరలేదు. విద్యార్థులకు నేర్పదగినది కూడా ఉన్నది. పాఠ్యపుస్తకంలో రాజ్యాంగపు 42వ అధికరణం ఒక పంక్తిగా చదివి వదిలివేయక, తమ ఊరి పనిచోట్లలో క్రెష్ ఎక్కడ ఉన్నదో, ఎక్కడ లేదో మగపిల్లలూ ఆడపిల్లలూ కలిసి విచారించి వ్రాయవచ్చు. రేపటి యజమానులు, అధికారులు, తండ్రులు ఆ తరగతిలోనే కూర్చుని ఉన్నారు.

ప్రతి సంస్థా ఏటేటా ఎందరికి ప్రసూతి సెలవు ఇచ్చినామో లెక్క వ్రాసుకొంటుంది. దాని పక్కన ఇంకొక గడి గీసి, ఆ తల్లులలో ఏడాది తరువాత ఎందరు ఇంకా ఉద్యోగంలో ఉన్నారో కూడా వ్రాయాలి. మొదటి అంకె చట్టాన్ని పాటించినట్లు చూపుతుంది. తల్లికి నిజంగా సాయం అందినదో లేదో చెప్పేది రెండవ అంకె.